బ్రూనోకు పుల్ల ఐసు పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హన్మకొండ, బాలసముద్రం. మా బ్రూనో ల్యాబ్రడార్, నాలుగున్నరేళ్లు. మొన్న తూస్తే 36 కిలోలు ఉన్నాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం ముట్టడు, బాత్‌రూమ్ గచ్చు మీద పడుకుని రొప్పుతూ ఉంటాడు. పిల్లలు ఫోన్‌లో చూసి వాడి కోసం పుల్ల ఐసులు చేస్తున్నారు. ఒక బంగినపల్లి పండు గుజ్జు, పాలు, రెండు చెంచాల చక్కెర, మధ్యలో ద్రాక్షపండ్లు. వాడు రెండు నిమిషాల్లో కరకరా నమిలేస్తాడు. మూడు వారాల కింద ఏడెనిమిది ద్రాక్షలు తిని ఆ రాత్రి కక్కుకున్నాడు, తెల్లారేసరికి మామూలయ్యాడు. మా అత్తమ్మేమో "కుక్కకు ఐసు పెడితే సర్ది చేస్తది, అన్నంలో ఇంత పచ్చిపులుసు పోసి పెట్టు, చల్వ చేస్తది" అంటుంది. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. వాడికి ఏ పండ్లు పెట్టొచ్చు, ఎలా చేయాలి, ఎంత పెట్టాలి?
ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, పంచాయితీ సంగతి తర్వాత. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ద్రాక్షపండ్ల దగ్గర. మీరు దాన్ని మధ్యలో ఒక ముక్కగా రాసి ముందుకు వెళ్లిపోయారు కానీ, అసలు మాట్లాడాల్సింది దాని గురించే.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. అన్ని కుక్కలనూ ఒకేలా కాదు. ఒక కుక్క గుత్తి మొత్తం తిని హాయిగా తిరుగుతుంది, ఇంకోటి నాలుగు పండ్లకే మూత్రం ఆగి మంచాన పడుతుంది. ఏది ఎటు పోతుందో ముందు చెప్పే పరీక్ష ఏదీ లేదు కాబట్టి, "మా వాడికి ఏమీ కాలేదు" అనే మాటకు విలువ లేదు. తిన్న కొన్ని గంటల్లో వాంతి అవుతుంది, ఆ తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీల సంగతి బయటపడుతుంది. బ్రూనో ఆ రాత్రి కక్కడం వాడి అదృష్టం అనుకోండి. మూడు వారాలు గడిచాయి, తింటున్నాడు, మూత్రం సరిగ్గా పోస్తున్నాడు అంటే గండం గడిచినట్టే. అయినా ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు రక్తపరీక్షలో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ చూడమని అడగండి, మనసు కుదుటపడుతుంది. మళ్లీ ఎప్పుడైనా పొరపాటున తింటే మాత్రం వాంతి అవుతుందా లేదా అని ఎదురుచూడకండి. వెంటనే, వీలైతే రెండు గంటల్లోపే, డాక్టర్ దగ్గర ఉండాలి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలు వద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక అత్తమ్మ గారి పచ్చిపులుసు. ఆమె ప్రేమతోనే అంటున్నారు, మన తెలంగాణ ఇళ్లలో ఎండాకాలం మనకు అది అమృతమే. కానీ కుక్కకు అది వద్దు, ఎందుకో తెలియాలంటే మళ్లీ ద్రాక్ష దగ్గరికే వెళ్లాలి. ద్రాక్షలో కుక్కకు పడనిది ఏమిటన్నది చాలా ఏళ్లు ఎవరికీ అంతు చిక్కలేదు. అమెరికాలో ఒక కుక్క, ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి చేసిన పిండిముద్ద తిని, అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు పాడు చేసుకుంది. ఆ పిండిలో వేసింది క్రీమ్ ఆఫ్ టార్టర్, అంటే టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చే ఒక వంట పొడి. అక్కడ దొరికిన తీగ పట్టుకుని లాగితే, ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే దోషి అయి ఉండొచ్చని 2021లో అక్కడి విష చికిత్సా కేంద్రం డాక్టర్లు చెప్పారు. చింతపండు పులుపుకు కారణం కూడా ఆ ఆమ్లమే. చింతపండు తిని కిడ్నీలు చెడిన కుక్కల కేసులు కూడా తర్వాత వైద్య పత్రికల్లో వచ్చాయి. పచ్చిపులుసులో చింతపండు రసంతో పాటు పచ్చి ఉల్లిగడ్డ కూడా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. అది వెంటనే కనిపించదు. నాలుగైదు రోజుల తర్వాత చిగుళ్లు తెల్లబడి, మూత్రం ముదురు రంగులోకి తిరిగి, కుక్క నీరసంగా మూలకు చేరుతుంది. అప్పటికి ఆ పులుసన్నం సంగతి ఎవరికీ గుర్తుండదు.

"మా ఊళ్లో కుక్కలు తరాలుగా పులుసన్నం తిని బతుకుతున్నాయి కదా సార్" అని నన్ను చాలామంది అడిగారు. బతికినవి మన కళ్ల ముందు ఉన్నాయి. పోయినవి ఎందుకు పోయాయో ఎవరు చూశారు? ఊరకుక్క పోతే పోస్ట్‌మార్టం చేసేవాళ్లు లేరు. అత్తమ్మ గారికి ఈ మాట మీరు చెప్పకండి, ఈ కాగితమే చదివి వినిపించండి. ఆమెకు ఒక మంచి మాట కూడా ఉంది: బ్రూనోకు చల్వ చేయాలంటే ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం ఏమీ వేయని పల్చటి సల్ల పోయమనండి. ఎదిగిన కుక్కలకు పాలు సరిగ్గా అరగవు, అందుకే మీ పిల్లలు చేసే ఐసులో పాలు వద్దు. పెరుగులో, సల్లలో ఆ పాల చక్కెర కొంత తగ్గిపోయి ఉంటుంది కాబట్టి చాలా కుక్కలకు పడతాయి. ఐసు పెడితే సర్ది చేస్తుందన్నది మాత్రం నిజం కాదు. కుక్కలకు జలుబు వచ్చేది వైరస్ వల్ల, సూక్ష్మజీవుల వల్ల. గడ్డకట్టినది గబగబా ఎక్కువ మింగితే కక్కొచ్చు, విరేచనం పట్టొచ్చు, అంతే.

ఇప్పుడు ఐసు దగ్గరికి వద్దాం. ఐసు కుక్క ఒంటిని చల్లబరుస్తుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 200 గ్రాముల ఐసు కడుపులో కరిగి ఒంటి వేడికి వచ్చేసరికి సుమారు 24 కిలో కేలరీల (తిండి లెక్కలో కేలరీలు అనేది వీటినే) వేడిని లాక్కుంటుంది. బ్రూనో అంత కుక్క ఏ పనీ చేయకుండా పడుకున్నా అంత వేడిని అరగంట సుమారులో మళ్లీ పుట్టిస్తుంది. అంటే ఐసు చల్లదనం అరగంట ముచ్చట. కానీ అదే 200 గ్రాముల నీళ్లు రొప్పుతున్నప్పుడు నాలుక మీద నుంచి, గొంతులో నుంచి ఆవిరైతే, దాదాపు ఐదు రెట్ల వేడిని ఒంట్లో నుంచి బయటికి తీసుకుపోతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల దగ్గర కాస్త తప్ప. దాని ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో సుమారు 39, ఉంటుంది. బయట 44 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు గాలే దాని ఒంటికంటే వేడి. అప్పుడు దానికి మిగిలిన దారి రొప్పడం ఒక్కటే, రొప్పడానికి పెట్టుబడి నీళ్లు. అందుకే నేను పండ్ల ఐసును కుక్క చేత నీళ్లు తాగించే ఉపాయంగా చూస్తాను. ఎండకు అన్నం, నీళ్లు రెండూ తగ్గించే కుక్కకు అది బాగా పనికొస్తుంది. ఇలా చూస్తే ఏ పండు వేయాలో, ఎలా గడ్డకట్టించాలో దానంతట అదే తేలిపోతుంది.

మొదటి స్థానం పుచ్చకాయది. అందులో నూటికి 91 వంతులు నీళ్లే. 100 గ్రాములకు 30 కేలరీలే. నేను మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. గింజలు తీసిన ఎర్ర గుజ్జు 200 గ్రాములు, అంటే చిన్న టిఫిన్ గిన్నె నిండా. చేత్తోనే పిసకండి, మిక్సీ వద్దు, మిక్సీ వేస్తే మిగిలిన గింజలు కూడా అందులోనే నలిగిపోతాయి. చేతికి తగిలిన నల్ల గింజ తీసేయొచ్చు, ఒకటీ అరా ఉండిపోయినా భయం లేదు. ఒక గ్లాసు మంచినీళ్లు, రెండు చెంచాల పెరుగు కలిపి, వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు, నాలుగు గంటలు చాలు. రాయిలా గట్టిపడితే తీసి పది నిమిషాలు బయట ఉంచండి. గోరుతో గీస్తే గీత పడాలి, పెట్టడానికి అదే గుర్తు. గిన్నెతో పాటు కుక్క ముందు పెట్టకండి, గడ్డకట్టిన స్టీలుకు తడి నాలుక అతుక్కుంటుంది. గిన్నె అడుగును ఒక్క నిమిషం నీళ్లలో ముంచి ముద్దను పళ్లెంలోకి బోర్లించండి. ఆ పళ్లేన్ని, నీళ్లు పోసిన ఇంకో పెద్ద పళ్లెంలో పెట్టండి. మనం బెల్లం డబ్బాకు చేసేదే ఇది. లేకపోతే బ్రూనో నాకడం పూర్తయ్యేలోపు వాకిలి నిండా చీమలు బారులు తీరతాయి.

పుల్ల సంగతి. కుక్కలకు చేసే ఐసులో పుల్ల ఉండకూడదు. ఐసు కరిగి కింద పడ్డాక ఆ పుల్లను కొరికి మింగేస్తాయి. చీలిన పుల్ల గొంతులో, పేగులో ఎక్కడైనా గుచ్చుకుంటుంది. ఫ్రిజ్ ట్రేలోని చిన్న ముక్కలు కూడా బ్రూనోకు వద్దు. మీరే రాశారు, కరకరా నమిలేస్తాడని. పెద్ద కుక్కకు పెద్ద ముద్ద, చిన్న కుక్కకు మెత్తగా దంచిన ఐసు. ముద్ద పెద్దదైతే నాకాల్సిందే, నమలడానికి వీలుండదు. మా ఇంట్లో ఒక డాబర్‌మ్యాన్ ఉండేది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, పరుగెత్తుకొచ్చి కింద పడ్డ ఐసు ముక్కను నమిలేది. మేమంతా ముచ్చటపడేవాళ్లం. ఓ రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, దాని పై దవడలోని పెద్ద పన్ను నిలువునా చీలింది. పశువుల డాక్టర్ ఇంట్లో కుక్క అది, నేను పది రోజులు గమనించనే లేదు. ఒక పక్కనే నములుతోందని మా ఆవిడ అంటే అప్పుడు నోరు తెరిచి చూశాను. పన్ను పీకించక తప్పలేదు. ఆ తర్వాత మా ఆవిడ ఏడాది పాటు ఆ మాట ఎత్తుతూనే ఉంది.

మామిడి పెట్టొచ్చు, కానీ కొంచెమే. ఈ కాలంలో జగిత్యాల తోటల నుంచి వచ్చే కాయలతో మన దగ్గర ప్రతి ఇంట్లో పండ్ల బుట్ట ఉంటుంది, కుక్కకూ వాసన తగులుతుంది, తప్పదు. ఒక పెద్ద బంగినపల్లి పండు గుజ్జు 150 కేలరీల దాకా ఉంటుంది. బ్రూనో కొంచెం బరువు తగ్గాల్సినవాడు కాబట్టి రోజుకు అటూ ఇటూగా 1,200 కేలరీలు చాలు. తిండి కాకుండా పెట్టే చిరుతిండి అందులో పదో వంతు మించకూడదు, అంటే 120. పిల్లలు చేసిన ఒక్క ఐసులో మామిడే ఆ గీత దాటింది, పైన పాలు, చక్కెర. రెండు చెంచాల గుజ్జును పుచ్చకాయ నీళ్లలో కలిపితే మామిడి వాసనా వస్తుంది, లెక్కా తప్పదు. పైన చెప్పిన గిన్నెడు ఐసు మొత్తం 90 కేలరీల లోపే. ల్యాబ్రడార్‌ల ఆకలి విషయంలో ఒక మాట: 2016లో బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు, అక్కడి ల్యాబ్రడార్‌లలో దాదాపు నాలుగో వంతు వాటికి కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగ్గా తెలియనివ్వని జన్యులోపం ఉందని తేల్చారు. కాబట్టి వాడు మీ వైపు చూసే ఆ చూపును నమ్మకండి.

మామిడి టెంక మాత్రం వాడికి అందే చోట వదలొద్దు. తొక్క కూడా వద్దు. నా సర్వీసులో టెంక మింగిన కుక్కలను ఎండాకాలంలోనే చూసేవాణ్ని. ఒక పొమేరియన్ మూడు రోజులు వాంతులు చేసుకుంది. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుని గ్లూకోజ్ తాగిస్తూ కూర్చున్నారు. పొట్ట కోసి తీస్తే చిన్న రసాల కాయ టెంక, పీచుతో సహా పేగులో బిరడాలా బిగుసుకుపోయి ఉంది. ఇంకోటి, కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, అయినా జరుగుతూనే ఉంది. పండ్లను ఓ గంట నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, తొక్క తీశాకే వాడండి. మీకూ అదే మంచిది.

కర్బూజ, గింజలు తీసిన బొప్పాయి, విత్తనాలు, మధ్య గట్టి భాగం తీసిన ఆపిల్, సగం అరటిపండు, ఇవన్నీ పుచ్చకాయ బదులు ఒక్కోరోజు వాడొచ్చు. అరటి 100 గ్రాములకు 90 కేలరీలు, అది గుర్తుంచుకోండి. సపోటా తీపి మరీ ఎక్కువ, నేనైతే పెట్టను. నిమ్మ, బత్తాయి, నారింజ వద్దు. తాటి ముంజలు ఇష్టంగా తింటాయి కానీ జారుడు ముద్ద, నమలకుండానే గొంతులోకి జారిపోతుంది. పెట్టాలనిపిస్తే పైతొక్క ఒలిచి, చేత్తో పూర్తిగా నలిపి, ఒక్క ముంజే పెట్టండి. కొబ్బరినీళ్లు రెండు మూడు చెంచాలు ఐసులో కలపొచ్చు, కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు మాత్రం వద్దు. కొత్త పండు ఏదైనా మొదటి రోజు ఒక చెంచాడే పెట్టి, తెల్లారి విరేచనం ఎలా ఉందో చూశాకే ముందుకు వెళ్లండి.

చక్కెర, బెల్లం, తేనె, రంగు షర్బత్‌లు, జ్యూస్ సెంటర్ రసాలు, చాక్లెట్ వేటికీ దీనిలో చోటు లేదు. షుగర్‌ఫ్రీ అని రాసి ఉన్నవి మరీ ప్రమాదం. జైలిటాల్ అనే తీపి పదార్థం కొన్ని చూయింగ్‌గమ్‌లలో, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది. అది తింటే అరగంట, గంటలోనే కుక్క రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావొచ్చు, లివర్ కూడా దెబ్బతినొచ్చు. పల్లీల వాసన కావాలంటే ఇంట్లో వేయించిన పల్లీలు ఉప్పు లేకుండా దంచి అర చెంచా వేయండి. పల్లి చట్నీ కాదు సుమా, అందులో ఎల్లిపాయ ఉంటుంది.

ఎప్పుడు పెట్టాలంటే, మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ, వాడు నిదానంగా పడుకుని ఉన్నప్పుడు. వాకింగ్ నుంచి రొప్పుతూ వచ్చిన వెంటనే కాదు. ముందు పది నిమిషాలు ఆగి మామూలు నీళ్లు తాగనివ్వండి. వాకింగ్ కూడా పొద్దున ఆరున్నర లోపు ముగించాలి. ఎనిమిదింటికి వడ్డేపల్లి చెరువు కట్ట మీద కుక్కను లాక్కెళ్తున్నవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టలేకపోతే కుక్క కాళ్లకూ ఆ రోడ్డు పనికిరాదు. ఇంట్లో వట్టి ఫ్యాన్ గాలి వాడికి పెద్దగా ఉపయోగపడదు, చెమట లేని ఒంటికి గాలి తగిలితే ఏమవుతుంది? పొట్ట, కాళ్ల కింది భాగం తడిపి అప్పుడు ఫ్యాన్ వేయండి. కూలర్ ఉంటే ఇంకా నయం. కరెంటు పోయి ఐసు పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకడితే దాన్ని మొక్కల్లో పోసేయండి, పెరుగు కలిపినది కదా.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. చిగుళ్లు ఎర్రటి ఇటుక రంగులోకి తిరిగి, చొంగ జిగురుగా సాగుతూ, కుక్క తూలుతుంటే అది ఎండదెబ్బ. జ్వరం చూస్తే 105 దాటి ఉంటుంది. అప్పుడు ఐసూ లేదు, పండూ లేదు, నోట్లో ఏదీ పోయొద్దు. ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, ఫ్యాన్ తిప్పి, కొంచెం నెమ్మదించగానే తడి ఒంటితోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మన దగ్గర ఒక చిక్కుంది, మే నెల మధ్యాహ్నం నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చేది మరిగే నీళ్లు. అందుకే పొద్దున్నే రెండు బకెట్ల నీళ్లు పట్టి నీడలో పెట్టి ఉంచండి. రంజన్, అంటే నీళ్ల మట్టికుండ, ఉంటే మరీ మంచిది. ఆదివారం కూడా చూసే డాక్టర్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

పిల్లలను ఈ పని మాన్పించకండి. పుచ్చకాయ పిసికే పని వాళ్లకే ఇవ్వండి, గింజలు వెతకడంలో పెద్దవాళ్లకంటే వాళ్లే చురుకు. గిన్నె మూత మీద "బ్రూనో" అని రాసి పెట్టమనండి. మా ఇంట్లో అలా రాయకపోవడం వల్ల, పోయిన వేసవిలో ఊరి నుంచి వచ్చిన మా మనవడు కుక్క కోసం పెట్టిన ఐసు సగం తినేసి, "తాతా, నువ్వు చేసిన ఐస్‌క్రీమ్‌లో చక్కెర వేయడం మర్చిపోయావు" అని నా మీదే కంప్లయింట్ చేశాడు.